సిలికాన్ స్ప్రెడర్: ఏ ఆకుకు అవసరం, ఏ ఆకుకు దండగ

పురుగుమందుల దుకాణంలో కావలసినవన్నీ తీసుకుని బిల్లు వేయించుకునే సమయానికి దుకాణదారు ఒక చిన్న సీసాను కూడా పక్కన పెట్టి, 'ఇది కలిపి కొట్టండి, మందు పవర్ పెరుగుతుంది' అని చెప్పడం మన రెండు రాష్ట్రాల్లోనూ మామూలైపోయింది. సీసా మీద ఏ కంపెనీ పేరున్నా లోపల ఉండవలసిన సరుకు ఒకటే, అది సిలికాన్ ఆధారిత సర్ఫాక్టెంట్, అంటే నీరు ఆకు మీద పరుచుకునేలా చేసే పదార్థం. రైతులందరూ దాన్ని సిలికాన్ స్ప్రెడర్ అనే పిలుస్తారు. ఉల్లి, క్యాబేజీ, వరి, మిరప పైర్ల మీద దీన్ని వాడి, వేర్వేరు కంపెనీల సీసాలను పక్కపక్కన పెట్టి పోల్చి చూసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. ఇది నిజంగా పనిచేసే సరుకు, ధర పెట్టి కొనదగినదే. అయితే ఇది మందు శక్తిని పెంచదు. మందు కలిపిన నీరు ఆకు మీద పరుచుకునే తీరును మారుస్తుంది, అంతే. ఈ సంగతి తెలిసి వాడితే నీరు, కూలి, సమయం కలిసివస్తాయి. తెలియకుండా వాడితే ఖరీదైన మందును చేతులారా నేలపాలు చేసుకున్నట్టవుతుంది.

నీటిబొట్టు గుండ్రంగా నిలబడటానికి కారణం దాని తలతన్యత, అంటే నీటి ఉపరితలం సాగదీసిన పొరలా బిగుసుకుని ఉండే గుణం. మామూలు ఉష్ణోగ్రత వద్ద స్వచ్ఛమైన నీటి తలతన్యత మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు ఉంటుంది. మనం ఎప్పటినుంచో వాడుతున్న సబ్బు రకం స్ప్రెడర్లు, జిగురు మందులు దాన్ని 30 దరిదాపులకు తేగలవు. సిలికాన్ స్ప్రెడర్ లీటరుకు ఒక మిల్లీలీటరు కలిపినప్పుడు అది 20, 22 మధ్యకు పడిపోతుంది. వ్యవసాయంలో వాడే రకాన్ని ట్రైసిలోక్సేన్ అంటారు. దాని అణువు మధ్యలో మూడు సిలికాన్ పరమాణువులు ఆక్సిజన్ వంతెనలతో కలిసి ఉంటాయి, వాటి చుట్టూ ఏడు మిథైల్ సమూహాలు కమ్ముకుని ఉంటాయి, ఒక పక్కన నీటిని ఇష్టపడే పాలీఈథర్ తోక ఉంటుంది. సిలికాన్‌కు, ఆక్సిజన్‌కు మధ్య బంధం బాగా వంగే గుణం కలది కావడంతో, మిథైల్ సమూహాలన్నీ గాలివైపు తిరిగి నీటి ఉపరితలాన్ని దట్టంగా కప్పేస్తాయి. సబ్బు అణువుల్లో ఉండే పొడవైన కార్బన్ గొలుసులు ఇంత చక్కగా సర్దుకోలేవు. అందుకే ఎంత సబ్బు కలిపినా తలతన్యత 30 దరిదాపుల్లోనే ఆగిపోతుంది.

తలతన్యత తగ్గడం ఒక్కటే ఇందులో విశేషమని అనుకోకూడదు. ఫ్లోరిన్ ఆధారిత సర్ఫాక్టెంట్లు తలతన్యతను ఇంకా కిందికి దించగలిగినా, మైనం పూసినట్టుండే ఉపరితలం మీద ట్రైసిలోక్సేన్ పరుచుకున్నంత వేగంగా, అంత విశాలంగా పరుచుకోలేవు. ఈ గుణాన్ని శాస్త్రవేత్తలు సూపర్ స్ప్రెడింగ్ అంటారు. అది ఏ విధానంలో జరుగుతుందన్న విషయం మీద వారిలో ఇప్పటికీ చర్చ నడుస్తూనే ఉంది. రైతుకు ఆ చర్చతో పనిలేదు గాని, ఈ ఒక్క గుణం కోసమే తాను డబ్బు పెడుతున్నానన్న సంగతి తెలిసి ఉండాలి. ఎందుకంటే సీసా మంచిదో కాదో తేల్చే పరీక్ష కూడా దీని మీదే ఆధారపడి ఉంది.

ఈ జాతిలో ప్రపంచమంతటా పేరుపడ్డది సిల్వెట్ ఎల్-77. యూనియన్ కార్బైడ్ సంస్థ సరుకుగా మొదలై, అనేక చేతులు మారి, ఇప్పుడు మొమెంటివ్ సంస్థ దగ్గర ఉంది. 1980ల్లో న్యూజిలాండ్‌లో గోర్స్ అనే ముళ్ళపొదను అణచడానికి గ్లైఫోసేట్ కలుపుమందుతో ఇలాంటి సిలికాన్ సర్ఫాక్టెంటును కలిపి వాడటంతో వ్యవసాయంలో దీని విలువ అందరికీ తెలిసివచ్చింది. మందు ఆకు మీద పడిన కొద్ది నిమిషాల్లోనే పత్రరంధ్రాల గుండా లోపలికి చేరడం వల్ల, ఆ తరువాత త్వరలోనే వాన వచ్చినా మందు కొట్టుకుపోలేదు. జీవశాస్త్ర ప్రయోగశాలల్లోనూ దీనికి ముఖ్యమైన స్థానముంది. ప్రయోగాలకు వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కల పూగుత్తులను, మొక్కల్లోకి జన్యువులను చేరవేసే అగ్రోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియా కలిపిన ద్రావణంలో ముంచి కొత్త జన్యువులను చేర్చే పద్ధతిని 1998లో క్లాఫ్, బెంట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సులభతరం చేశారు. ఆ ద్రావణంలో ఉండేవి పంచదార, బ్యాక్టీరియా, వాటితో పాటు 0.05 శాతం లేదా అంతకంటే తక్కువగా సిల్వెట్. బ్యాక్టీరియాను మొక్క సందుల్లోకి చేర్చగల ఈ శక్తి ప్రయోగశాలలో వరమే, పొలంలో మాత్రం కొంత జాగ్రత్తను కోరుతుంది. ఆ సంగతి కింద చెబుతాను.

ఇక చేలో సంగతి. ఉల్లి ఆకు మీద మైనపు పొర ఎక్కువ. దాని మీద మామూలు మందు నీటిని చిలకరిస్తే, తామరాకు మీద నీటిబొట్టులా ఒక్క క్షణం మెరిసి ఆకు పొడవునా జారి మొదట్లో పడిపోతుంది. అదే నీటిలో లీటరుకు మూడో వంతు మిల్లీలీటరు సిలికాన్ స్ప్రెడర్ కలిపి ఒక్క చుక్కను ఆకు మీద వేసి దగ్గరగా చూస్తే, ఆ చుక్క చూస్తూండగానే చదునై, ఆకు చుట్టూ పాకి, తడి మెరుపుగా మాత్రమే మిగులుతుంది. ఉల్లిలో తామర పురుగులు లేత ఆకుల మధ్య, ఆకు మొదటి మడతల్లో దాక్కుంటాయి. పైనుంచి పడ్డ చుక్క అక్కడికి చేరాలంటే ఆకు మీద పాకుతూ వెళ్ళడం తప్ప వేరే దారి లేదు. ఈ పైరులో సిలికాన్ స్ప్రెడర్ వాడిన మడికి, వాడని మడికి మధ్య తేడా నా కంటికి స్పష్టంగానే కనిపించింది. క్యాబేజీ, కాలీఫ్లవర్, చేమ ఆకుల మీద కూడా ఇదే తీరు.

వరిలో ఫలితం పాక్షికమని చెప్పాలి. వరి ఆకు నిలువుగా ఉండి, నీటిని అంటనివ్వని స్వభావం కలది కాబట్టి, ఆకుమచ్చ తెగుళ్ళకు, ఆకుముడత పురుగుకు కొట్టే మందులు నిలవడానికి స్ప్రెడర్ బాగా ఉపకరిస్తుంది. సుడిదోమ విషయంలో మాత్రం దీని మీద ఆశ పెట్టుకోకూడదు. సుడిదోమ దుబ్బు మొదట్లో, నీటికి కొద్దిగా పైన ఉంటుంది. దానికి పాయలు తీసి, నాజిల్‌ను మొదళ్ళకు తగిలేలా పట్టుకుని కొట్టడమే మార్గం. పైపైన కొట్టి స్ప్రెడర్ దించుకుపోతుందిలే అనుకుంటే దోమ అలాగే ఉండి పైరు సుడులు సుడులుగా ఎండిపోతుంది.

మిరప దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. దుకాణాల్లో ఈ సీసా ఎక్కువగా అమ్ముడుపోయేది మిరప రైతులకే. 2021లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల మిరపను నల్ల తామర పురుగు ముంచెత్తినప్పుడు, ఏది కలిపితే పంట దక్కుతుందో తెలియని ఆందోళనలో రైతులు చేతికి దొరికినదల్లా ట్యాంకులో పోశారు. నిజానికి మిరప ఆకు ఉల్లి ఆకులా నీటిని తోసివేయదు. మామూలు స్ప్రెడర్‌తోనే అది బాగా తడుస్తుంది. ఆకు మీద పనిచేయవలసిన మందులకు మిరపలో సిలికాన్ వల్ల వచ్చే అదనపు లాభం కొద్దిపాటిదే అని నా అభిప్రాయం. అయితే ఆ పురుగు పూలలో, మొగ్గల సందుల్లో దాక్కుంటుంది కాబట్టి, ఆ ఇరుకుల్లోకి ద్రావణం చేరడానికి సిలికాన్ సాయపడుతుంది. ఎర్రనల్లి విషయంలో ఇంకొక విశేషముంది: ఏ పురుగుమందూ లేకుండా ఒక్క ట్రైసిలోక్సేన్ ద్రావణమే నల్లులను చంపగలదని ప్రయోగాల్లో తేలింది. అలాగని స్ప్రెడర్‌నే మందుగా వాడమని నేను చెప్పను, ఎందుకంటే ఆ ఫలితం రావాలంటే నల్లి ఒళ్ళంతా తడవాలి, ఆరిన తరువాత దాని ప్రభావం మిగలదు.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, దుకాణంలో ఎవరూ చెప్పనిది నీటి మోతాదు. కాపు మీదున్న మిరపకు ఎకరాకు 200 లీటర్ల నీటితో కొట్టడం మనకు అలవాటు. మామూలు నీటిలో ఆకు మీద బొట్లు బొట్లుగా నిలిచే ద్రావణం, సిలికాన్ కలిపినప్పుడు పలుచని పొరగా మారుతుంది. ఆకు పట్టుకోగలిగిన ద్రావణం పరిమాణం ఆ పొర మందానికి తగ్గట్టుగా తగ్గిపోతుంది. నీటి మోతాదును తగ్గించకుండా స్ప్రెడర్ కలిపితే, ఆకు నిండిన తరువాత పడిన ప్రతి చుక్కా ముందు పడినదాన్ని కూడా వెంటబెట్టుకుని ఆకు కొన నుంచి కారిపోతుంది. 'స్ప్రెడర్ కలిపినా పురుగు పోలేదు' అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే అని నేను నమ్ముతున్నాను. ఎకరాకు కావలసిన మందును అలాగే ఉంచి, నీటిని 120 నుంచి 140 లీటర్లకు తగ్గించి, నాజిల్‌ను సన్నని తుంపర్లకు సరిచేసుకుని, చాలు మీద కాస్త వేగంగా నడిస్తే ఆకు సరిగ్గా తడుస్తుంది, నేల తడవదు. ఆకు కొనల నుంచి చుక్కలు రాలడం మొదలైందంటే మోతాదు మించిందని గుర్తు. ముందుగా మందు లేకుండా ఒక ట్యాంకు నీటిలో స్ప్రెడర్ మాత్రమే కలిపి రెండు చాళ్ళు కొట్టి చూసుకుంటే ఎంత వేగంతో నడవాలో కాళ్ళకు తెలిసిపోతుంది.

15 లీటర్ల ట్యాంకుకు 5 మిల్లీలీటర్లు నేను వాడే మోతాదు. చేమ, క్యాబేజీ వంటి మొండి ఆకులకు కొంచెం పెంచవచ్చు గాని, లీటరుకు ఒక మిల్లీలీటరు దాటించవలసిన అవసరం నాకెక్కడా కనిపించలేదు. ఈ లెక్కన 120 లీటర్లకు, అంటే ఎనిమిది ట్యాంకులకు 40 మిల్లీలీటర్లు సరిపోతాయి. 100 మిల్లీలీటర్ల సీసా రెండున్నర ఎకరాలకు వస్తుంది. మందు కలిపి బాగా తిప్పిన తరువాత స్ప్రెడర్‌ను చివర్లో పోసి నెమ్మదిగా కలియబెట్టాలి. ముందే పోసి పైనుంచి గొట్టంతో నీళ్ళు పడితే నురగ ట్యాంకు మూతి దాకా లేస్తుంది.

దీనికి ఉన్న పెద్ద బలహీనత నీటి గుణంతో ముడిపడి ఉంది. ట్రైసిలోక్సేన్ అణువులోని సిలికాన్, ఆక్సిజన్ బంధం పీహెచ్ 6 నుంచి 8 వరకు ఉన్న నీటిలో నిలకడగా ఉంటుంది. ఆమ్లం ఎక్కువైనా, క్షారం ఎక్కువైనా ఆ బంధం తెగి, పరుచుకునే గుణం పోతుంది. మన ప్రాంతాల్లో చాలా బోర్ల నీళ్ళు క్షారంవైపే ఉంటాయి. దీన్ని కళ్ళారా చూడాలని ఒకే సీసాలోని స్ప్రెడర్‌ను మూడు గిన్నెల్లో కలిపి, ఒకదానిలో వాషింగ్ సోడా, ఇంకొకదానిలో నిమ్మరసం వేసి, మూడోదాన్ని మంచినీటితోనే వదిలి రాత్రంతా ఉంచాను. మర్నాడు ఒక్కొక్క చుక్కను మల్చింగ్ షీటు (చేలో నేల మీద పరిచే పాలిథిన్ షీటు) మీద వేస్తే, మంచినీటి చుక్క ఎప్పటిలాగే వెడల్పుగా పాకింది. మిగిలిన రెండూ చిన్న మచ్చలుగా ఉన్నచోటే నిలిచిపోయాయి. అందువల్ల కలిపిన ద్రావణాన్ని ఆ పూటే కొట్టేయాలి, మిగిలినది రేపటికి ఉంచుకోకూడదు. పీహెచ్ కాగితాలు చవకగా దొరుకుతాయి. ప్రతి రైతూ తన బోరు నీటిని ఒక్కసారి చూసుకోవడం మంచిది, ఎందుకంటే క్షారపు నీటిలో కొన్ని పురుగుమందులు కూడా త్వరగా విరిగిపోతాయి.

మల్చింగ్ షీటు పరీక్షను సీసా నాణ్యత చూడటానికి కూడా వాడుకోవచ్చు. శుభ్రమైన పాలిథిన్ షీటును సమంగా పరిచి, ఒక లీటరు నీటిలో ఒక మిల్లీలీటరు స్ప్రెడర్ కలిపి, ఒక చిన్న చుక్క వేయాలి. అసలైన ట్రైసిలోక్సేన్ అయితే ఆ చుక్క కొన్ని సెకన్లలోనే రూపాయి బిళ్ళను దాటి పలుచగా పాకుతుంది. నేను కొన్న సీసాల్లో ఒకటి, అందమైన లేబులు, 'సూపర్ సిలికాన్' అనే పెద్ద అక్షరాలు ఉన్నది, ఈ పరీక్షలో సబ్బు నీటికంటే మెరుగ్గా నిలబడలేదు. గిన్నెలో నురగ మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. నురగను చూసి సరుకు చిక్కగా ఉందని మురిసిపోయే రైతులను అలాంటి సీసాలు సులభంగా నమ్మిస్తాయి. లేబులు మీద ట్రైసిలోక్సేన్ అన్న మాట, దాని శాతం, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఉన్నవాటినే తీసుకోవాలి. ధరను సీసాకు కాకుండా శాతానికి లెక్కకట్టి పోల్చుకోవాలి. 80 శాతం ఉన్న సీసా, 20 శాతం ఉన్న సీసాకు రెట్టింపు ధర పలికినా అదే చవక.

పత్రరంధ్రాల్లోకి చొచ్చుకుపోయే గుణం వల్ల వచ్చే చిక్కులు కొన్ని ఉన్నాయి. కాపర్ ఆక్సీక్లోరైడ్ వంటి రాగి మందులతో దీన్ని కలిపితే లేత ఆకులు మాడే ప్రమాదం పెరుగుతుంది. పైరు మీదే కొట్టే కలుపుమందులతో కలిపితే కలుపుతో పాటు పైరు కూడా అవసరానికి మించి మందును పీల్చుకుంటుంది. కాబట్టి కలుపుమందు లేబులు మీద సర్ఫాక్టెంట్ వాడమని ఉంటేనే, ఆ చెప్పిన రకాన్నే వాడాలి. కొన్ని గడ్డిజాతి కలుపుల్లో గ్లైఫోసేట్‌కు సిలికాన్ తోడైతే ఫలితం తగ్గిన సందర్భాలు కూడా పరిశోధనల్లో నమోదయ్యాయి. బ్యాక్టీరియా ఆకుమచ్చ తెగులు ఉన్న తోటలో, మంచు ఆరని పొద్దున్నే దీన్ని కొట్టడం నాకు ఇష్టం లేదు. ప్రయోగశాలలో బ్యాక్టీరియాను ఆకులోకి పంపడానికి వాడే పదార్థమే ఇది గదా! ద్రాక్షలో పండు మీద సహజంగా ఉండే తెల్లటి మైనపు పొర పోతే మార్కెట్‌లో ధర తగ్గుతుంది కాబట్టి, కాయ సైజు పట్టిన తరువాత దీని జోలికి పోకపోవడమే మేలు.

తేనెటీగల విషయంలో నాకు నిజంగా ఆందోళన ఉంది. లేబుళ్ళ మీద స్ప్రెడర్‌ను 'విషం కాదు' అన్నట్టుగా రాస్తారు. 2012లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, సిలికాన్ సర్ఫాక్టెంట్లు తిన్న తేనెటీగలు వాసనను గుర్తుపట్టి నేర్చుకునే శక్తిని కోల్పోతున్నాయని చూపించారు. ఏ పువ్వులో తేనె ఉందో గుర్తుంచుకోలేని ఈగ బతికి ఉన్నా తేనెపట్టుకు ఉపయోగపడదు. పుచ్చ, దోస, పొద్దుతిరుగుడు, ఉల్లి విత్తనపు తోటలు తేనెటీగల మీదే బతుకుతాయి. ఆ పైర్లు పూత మీదున్నప్పుడు దీన్ని పూర్తిగా మానేయాలి. మిగిలిన పైర్లలోనైనా పూత సమయంలో సాయంత్రం, ఈగలు తిరుగుముఖం పట్టిన తరువాతే కొట్టాలి.

కొట్టే మనిషి గురించి కూడా చెప్పాలి. సన్నని తుంపరగా పీల్చినప్పుడు ట్రైసిలోక్సేన్ హానికరమైన పదార్థాల జాబితాలోకి వస్తుంది, కంటికి మంట పుట్టిస్తుంది. అంతకంటే ముఖ్యంగా, ఆకును త్వరగా తడిపే నీరు చొక్కాను కూడా అంతే త్వరగా తడుపుతుంది. మామూలుగా గుడ్డ మీద నిలిచి జారిపోయే తుంపర, దీంతో కలిసినప్పుడు దారాల గుండా ఒంటికి అంటుకుంటుంది. మాస్కు, కళ్ళద్దాలు, చేతికి తొడుగులు, నడుము కింద ప్లాస్టిక్ ఏప్రాన్ ఉండాలి. కూలికి వచ్చి కొట్టేవారికి ఇవి సమకూర్చవలసింది పొలం యజమానే. నీటి జీవులకు ఇది విషపూరితమని భద్రతా పత్రాలు చెబుతాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి చేల పక్కనే చేపల చెరువులు, రొయ్యల గుంటలు ఉంటాయి కాబట్టి, ట్యాంకు కడిగిన నీళ్ళను పంటకాలువలో గాని, చెరువు గట్టున గాని పారబోయడం పక్కవాడి పంటను పణంగా పెట్టడమే.

ఈ పదార్థం మన ఇళ్ళలోకి ఇతర రూపాల్లో ఎప్పుడో వచ్చేసింది. పరుపుల్లో, సోఫాల్లో ఉండే పాలీయూరిథేన్ ఫోమ్‌లో బుడగలు సమంగా, విరిగిపోకుండా ఉండటానికి 1950ల నుంచి సిలికాన్ సర్ఫాక్టెంట్లనే వాడుతున్నారు. గోడల రంగులు గుంతలు పడకుండా పరుచుకోవడానికి, జుట్టుకు రాసుకునే కండిషనర్లు మెత్తగా ఉండటానికి కూడా వీటి సోదర పదార్థాలే కారణం. అవి పరిశ్రమ చూసుకునే సంగతులు. రైతు సొంతంగా కొలిచి కలుపుకోవలసినది స్ప్రెడర్ ఒక్కటే కావడంతో ఈ సమీక్షను దానికే పరిమితం చేశాను.

డ్రోన్‌తో మందు కొట్టించేవారికి ఈ సీసా ఇంకా ఎక్కువ ఉపయోగపడుతుందని నా అంచనా. డ్రోన్ ఎకరాకు 10 లీటర్ల దరిదాపు నీటితోనే కొడుతుంది కాబట్టి, ఆకు మీద పడే చుక్కలు తక్కువ, ఒక్కొక్క చుక్కా ఎక్కువ మేర పాకవలసి ఉంటుంది. కారిపోయే భయం ఉండదు. అయితే అంత తక్కువ నీటిలో మందు చాలా చిక్కగా ఉంటుంది కాబట్టి, లేత పైరు మీద ముందుగా ఒక మూల కొట్టించి, మూడు రోజులు ఆగి ఆకు మాడలేదని చూసుకున్న తరువాతే మిగిలిన చేనుకు కొట్టించాలి. కొనేటప్పుడు 100 మిల్లీలీటర్ల సీసానే తీసుకుని, మూత బిగించి నీడలో ఉంచి, ఆ పంటకాలంలోనే వాడేయాలి. మూత సరిగా పెట్టక తడి తగిలిన సీసాను మరుసటి ఏడాది వాడదలిస్తే, మందు ట్యాంకులో పోయకముందు మల్చింగ్ షీటు మీద ఒక చుక్క వేసి చూసుకోవాలి.